బోర్డాయన దుప్పట్లు

బోర్డాయన పక్క తడుపుతున్నాడన్న మాట వీధి మొత్తంలో అందరికంటే చివర తెలిసింది ఆయన భార్యకి.

మాట మేడమీద పుట్టింది. మెట్లు దిగి ఇస్త్రీ షాపు దగ్గర కాసేపు నిలబడింది. మందుల షాపులో కూర్చుని టీ తాగింది. అక్కడినుంచి సందులన్నీ తిరిగి, వెళ్ళిన ప్రతి గుమ్మం దగ్గరా కాస్త కాస్త ఒళ్ళు చేసి, కింద వాటాలోకి వచ్చేసరికి గుర్తుపట్టలేనంత బలిసింది. బయల్దేరినప్పుడు అది ‘పాపం, ఒకరోజు దుప్పటి తడిసిందట’ మాత్రమే. చేరేసరికి ‘రాత్రీ పగలూ తేడా లేదట, నరాలు వదిలేశాయట, పెద్ద డాక్టర్లే పెదవి విరిచేశారట’ అయింది.

మోసుకొచ్చింది మేడమీదావిడే. పుట్టించిన మనిషే పరామర్శకి కూడా వచ్చిందన్నమాట.

బోర్డాయన భార్య బట్టలు కుడుతుంది. వీధికి ఆవిడ టైలరమ్మ. ముందుగది ఆవిడ మిషనుది, కత్తిరించే బల్లది, గుడ్డపీలికలది. ఆ పూట టైలరమ్మ మేడమీదావిడ నడుముకి టేపు చుట్టి అంకె చూస్తోంది.

“పిన్నీ, మీరు ధైర్యంగా ఉండాలి,” అంది మేడమీదావిడ.

“నీ నడుము ఒక అంగుళం పెరిగితే ధైర్యం నాకెందుకు? నీకుండాలి.”

“నడుము సంగతి కాదు పిన్నీ. బాబాయ్ సంగతి.”

టేపు ఆగిపోయింది. మేడమీదావిడ గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే ఎదురింటిదాకానే వినపడుతుంది. పొద్దున్నే తను మొక్కలకి నీళ్ళు పోస్తుంటే కింద పెరట్లో బాబాయ్ దుప్పటి పిండుతూ కనిపించాడట. మర్నాడూ అంతే. మూడోనాడు తనే ఉండబట్టలేక “ఏంటి బాబాయ్, పొద్దున్నే దుప్పట్లతో కుస్తీ?” అని అడిగిందట. ఆయన దుప్పటి వీపు వెనక దాచుకుని, “ఎవరికీ చెప్పకమ్మా” అన్నాడట.

“మరి ఎవరికైనా చెప్పావా?”

“అయ్యో, నేనెవరికి చెబుతాను పిన్నీ! ఇస్త్రీ షాపామెకి చెప్పాను, ఆవిడ మన మనిషే. మందుల షాపులో ఎవరికోసమో చెప్పకుండా మందు అడిగాను. వాళ్ళే పేరు పట్టేశారు.”

ఆవిడ వెళ్ళాక టైలరమ్మ బీరువా తెరిచింది. అడుగు అరలో దాచిన పాత దుప్పట్లు ఒక్కటీ లేవు. నీలం పూల దుప్పటి లేదు, అంచు చివికిన గళ్ళ దుప్పటి లేదు. మిషను దగ్గర కూర్చుంటే ఏడుపు వస్తుందేమోనని, వస్తే ఎవరిదో కొత్త గుడ్డ మీద పడుతుందని, ఆ పూట మిషను తొక్కలేదు.

బోర్డాయన అలాంటి మనిషా? కొట్ల మీద వెలిగే అక్షరాలు చేసి బతికిన మనిషి. అక్రిలిక్ షీటు మీద అక్షరం గీసుకుని, సన్నరంపంతో ఒంపులన్నీ కోసి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, మంట చూపించి అద్దంలా నున్నగా చేసేవాడు. పక్కలు నిలబెట్టి, సిరంజీలో క్లోరోఫాం పట్టి, సూదితో అంచు వెంట అలా రాసుకుంటూ వెళితే రెండు పలకలూ ఒకదాన్నొకటి మింగేసేవి. దారిన పోతూ పోతూ తను చేసిన బోర్డు కనిపిస్తే ఆగిపోయేవాడు. జనం కొట్టు పేరు చదివేవాళ్ళు, ఆయన మాత్రం మూలలు చూసేవాడు. ఏ మూలా విచ్చుకోలేదని చూసుకున్నాకే కదిలేవాడు. ఆవిడతో సినిమాకి బయల్దేరి ఇలా మూలలు చూసుకుంటూ సగం సినిమా పోగొట్టిన రోజులున్నాయి.

తర్వాత గుడ్డమీద బోర్డులు అచ్చేసే మిషన్లొచ్చాయి. కొట్టువాడు టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు బోర్డు చుట్టి చేతికిస్తున్నారు. బోర్డాయన పోట్లాడలేదు. తన షాపు మూసి రంపం, సిరంజీలు, ముక్కల పెట్టె ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పెట్టె మంచం కింద ఉంది. మంచం తలాపున చేపల తొట్టి ఉంది.

ఆ తొట్టి కూడా ఆయన చేసిందే, పెళ్ళయిన కొత్తల్లో. ఒక పళ్ళ డాక్టరు పెద్ద బోర్డుకి పురమాయించి, బోర్డు సగంలో ఉండగా ఊరు మారిపోయాడు. ఆ షీట్లతోనే తొట్టి కట్టాడు. వెనక పలక మీద అక్షరాలు పీకేసినా వాటి నీడలు పోలేదు. ఇప్పటికీ నీళ్ళ వెనక ‘నొప్పి తెలియకుండా ప’ అని కనిపిస్తూ ఉంటుంది. ఆ అక్షరాల ముందు ఒకే ఒక్క చేప, రాగి రంగుది, బుగ్గలు ఉబ్బించుకుని తిరుగుతూ ఉంటుంది. దానిపేరు మేనేజరు గారు. బోర్డాయనని నెలల తరబడి తిప్పించుకున్న ఒక మేనేజరుకి అచ్చం అలాంటి బుగ్గలే ఉండేవట. ఆయనా అంతే, నోరు తెరిచేవాడు, మూసేవాడు, మాట మాత్రం బయటికి వచ్చేది కాదట.

ఇంటికి ఎవరొచ్చినా బోర్డాయన తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి ఒకటే ఆట ఆడించేవాడు.

“నాలుగు మూలలు, నాలుగు నిలువు అతుకులు. మూడు నావి, ఒకటి ఈవిడది. ఏది ఈవిడదో కనిపెట్టండి చూద్దాం.”

తొట్టి కట్టిన రోజు “ఒకటి నేను పోస్తా” అని టైలరమ్మ సిరంజీ లాక్కున్న మాట నిజమే. కానీ ఆ తర్వాత తొట్టిని ఎన్నోసార్లు తిప్పారు, గదులు మార్చారు. ఏది తనదో ఆవిడకే గుర్తులేదు. అడిగితే ఆయన చెప్పేవాడు కాదు. “చెబితే నీకు గర్వం ఎక్కువైపోతుంది” అని నవ్వేవాడు. వచ్చినవాళ్ళెవరూ కనిపెట్టలేకపోయారు. ఇన్నేళ్ళలో టైలరమ్మ తనంతట తాను ఒక నిర్ణయానికొచ్చింది. ముందువైపు కుడి మూలది. అన్నిట్లోకీ స్వచ్ఛంగా, నీటిచారలా ఉండేది అదే. తొట్టి తుడిచేటప్పుడు ఆ మూలకి మెత్తటి గుడ్డ వేరే ఉండేది.

ముందుగది కిటికీ మీద ఆవిడకి కూడా ఆయన చేసిన బోర్డు ఒకటుంది. ‘ఒకసారి కుడితే ఊడదు’ అని వెలుగుతుంది. టైలరమ్మ ఆ మాటని ఒట్టులా పట్టుకుంది. ఎప్పుడో కుట్టిన చొక్కా గుండీ ఊడిందని ఎవరైనా వస్తే, దొంగతనం బయటపడ్డ మనిషిలా తల వంచుకుని కుట్టిచ్చేది. ఆ రోజు ఇంక అన్నం సయించేది కాదు.

అలాంటి ఇంట్లో ఇప్పుడీ జబ్బు. ఆయన్ని అడిగితే మనసు చిన్నబుచ్చుకుంటాడని ఆవిడ అడగలేదు. సాయంత్రం టీ మానిపించింది. పడుకునే ముందు చెంబుడు నీళ్ళకి బదులు చిన్న గ్లాసుడు ఇచ్చింది. షాపులన్నీ తిరిగి రబ్బరు గుడ్డ కొనుక్కొచ్చి, పైన మెత్తటి నూలుగుడ్డ వేసి, చుట్టూ పైపింగు పెట్టి, రబ్బరు మీద సూది కన్నాల్లోంచి కూడా నీరు దిగకుండా మైనం రుద్ది, దుప్పటి ఒకటి కుట్టింది.

“ఏమిటిది?” అన్నాడు బోర్డాయన.

“మీకే.”

“నాకెందుకు?”

“ఊరికే. మెత్తగా ఉంటుందని.”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచు లాగి చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పని అయింది. అది చూసి ఆవిడ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా, దుప్పటి పని చేసిందో లేదో చూద్దామని ఆవిడ చప్పుడు కాకుండా ఆయన గదిలోకి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది. పరుపు తడిమి చూసింది. పొడిగా ఉంది. రబ్బరు దుప్పటి మాత్రం లేదు. తలాపు వైపు చూస్తే, తొట్టి బల్ల కిందనుంచి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. బల్ల కింద ఆయన ఆ దుప్పటిని మడతలు పెట్టి సర్దుతూ తనలో తను మాట్లాడుకుంటున్నాడు.

“భలే కుట్టింది. చుక్క కిందికి దిగట్లేదు.”

“ఏం చేస్తున్నారు?”

ఠంగుమని బల్లకి తల కొట్టుకున్న చప్పుడు. కాసేపటికి తల రుద్దుకుంటూ బయటికి వచ్చాడు.

“తొట్టి కారుతోంది,” అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.

“తొట్టా?”

“వెనక మూల. అతుకు విచ్చుకుంటోంది.”

“అయితే మీకు జబ్బేమీ లేదా?”

“ఏ జబ్బు?”

“పక్క తడిపే జబ్బు!”

“ఓ, అదా.” ఆయన కాస్త ఇబ్బందిగా గోడకేసి చూశాడు. “వాళ్ళే అనుకున్నారు. నేను కాదనలేదంతే.”

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం వెంటనే చీపురు ఎక్కడుందా అని వెతికింది.

“నేను మీకు సాయంత్రం టీ మానిపించాను!”

“పాలు విరిగిపోతున్నాయేమో అనుకున్నా.”

“మందుల షాపువాడు నన్ను చూసి జాలిగా తలూపుతున్నాడు. ఇస్త్రీ షాపామె నిన్న నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. వీధి వీధంతా మీ నరాల గురించి మాట్లాడుకుంటోంది. తొట్టి కారుతోందని ఒక్కమాట అంటే పోయేది కదా?”

“తొట్టి కారుతోందంటే అందరూ చూడ్డానికి వస్తారు.”

“వస్తే?”

“మొదట ఏమడుగుతారో నాకు తెలుసు.”

“ఏమడుగుతారు?”

ఆయన మేనేజరు గారికి మేత వేయడం మొదలుపెట్టాడు. టైలరమ్మ తనకు తోచినట్టే అర్థం చేసుకుంది. ఈయన అతుకు విచ్చిందంటే, ఊరినిండా మూలలు చూసుకుంటూ తిరిగిన మనిషి తల ఎక్కడ పెట్టుకుంటాడు? జబ్బంటే ఒంటిది, ఎవరికైనా వస్తుంది. అతుకు అలా కాదు.

“ఎవరి అతుకది?” అంది, అయినా ఒకసారి.

“నాదే,” అన్నాడు ఠక్కున.

ఆవిడ బల్ల వెనక్కి తొంగిచూడబోతే ఆయన అడ్డొచ్చాడు. అప్పటికే బయటినుంచి బాత్రూం గోడలకి పూసే పేస్టు పూశాడు. అది పాల మీది మీగడలా ఒక పక్కనుంచి లేచి వేలాడుతోంది.

“ఇది దీనికి పట్టదని మీకు తెలియదా?”

“తెలుసు. నీళ్ళు తీయకుండా ఇంతకన్నా ఏం చెయ్యను?”

“నీళ్ళు తీసే చెయ్యండి. ఇవాళ చుక్కలు పడుతున్నాయి. రేపు పలక మొత్తం విడిపోతే మేనేజరు గారు మీ పక్కలో ఉంటారు.”

“చేస్తాను. చేస్తాను గానీ, నువ్వు ఓసారి మీ అక్కదగ్గరికి వెళ్ళి రాకూడదూ? చూసి చాలా రోజులైంది కదా.”

టైలరమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. పెళ్ళయినప్పటినుంచి అక్కపేరు ఎత్తితేనే ఆయనకి తలనొప్పి వచ్చేది.

“నేనెక్కడికీ వెళ్ళను,” అంది.

ఆ రోజే కాంపౌండరు గారు వచ్చారు. ఎప్పుడో ఆసుపత్రిలో పని మానేసిన మనిషి. ఆయన వదిలేసినా ఆసుపత్రి మాత్రం ఆయన్ని వదల్లేదు. వీధిలో ఎవరు తుమ్మినా ముందు ఆయన గుమ్మం దగ్గరే తుమ్మాలి. చేతిలో ఏదో పొడి ఉన్న సీసాతో నేరుగా లోపలి గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నారు.

“సిగ్గుపడకు. డాక్టరు దగ్గరా నా దగ్గరా దాపరికం ఉండకూడదు. చెల్లెమ్మా, నువ్వూ విను. ఎన్నాళ్ళనుంచి?”

“ఈమధ్యే,” అన్నాడు బోర్డాయన.

“మంటా?”

“లేదు.”

“తెలిసి వస్తోందా, తెలియకుండానా?”

బోర్డాయన తొట్టి వెనక పలక మీది నీడల కేసి ఓసారి చూశాడు. “తెలియకుండానే.”

కాంపౌండరు గారు తలపంకించి, పొడి ఎలా కలుపుకోవాలో చెప్పబోతున్నారు. ఆ నిశ్శబ్దంలో మంచం తలాపునుంచి వినిపించింది.

టప్.

కాంపౌండరు గారు ఆగారు.

టప్.

ఆయన నెమ్మదిగా బోర్డాయన భుజం మీద చెయ్యి వేశారు. “ఇప్పుడు కూడానా?”

బోర్డాయన తల వంచుకున్నాడు. “ఇప్పుడు కూడా.”

టైలరమ్మ ముందుగదిలోకి పరుగెత్తి గుడ్డపీలికల మూటలో ముఖం దాచుకుంది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, బయటికొస్తూ చూసిన కాంపౌండరు గారు, “ఏడవకు చెల్లెమ్మా. నా చేతుల్లోకి వచ్చాడుగా,” అని ఓదార్చి వెళ్ళారు. పొడి మాత్రం ఆ సాయంత్రమే పెరట్లో మొక్కకి చేరింది. ఆ మొక్క ఆ నెలంతా పుయ్యలేదు.

మర్నాడు నీళ్ళు తీశారు. బట్టలుతికే పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో పాత నీళ్ళే పోసి మేనేజరు గారిని దింపారు.

“దయచెయ్యండి సార్. కొన్నాళ్ళు ఇక్కడ సర్దుకోవాలి,” అన్నాడు బోర్డాయన. మేనేజరు గారు అడుక్కి వెళ్ళి ముఖం తిప్పుకుని కూర్చున్నారు.

ఖాళీ తొట్టిని ఇద్దరూ మోసుకొచ్చి టైలరమ్మ కత్తిరించే బల్లమీద పెట్టారు. విచ్చిన మూల కిందికి వచ్చేట్టు వాలుగా పెట్టాలి. అప్పుడే అతికించే మందు అతుకులోకి పారుతుంది. అటూ ఇటూ జారకుండా పీలికలు కూరిన దిళ్ళు ఆనించారు. కుట్టుపని ఆగింది. వీధి తలుపు దగ్గరికేశారు. ఆ పని జరుగుతున్నంతసేపూ బోర్డాయన ఆ మూలకీ ఆవిడకీ మధ్యనే ఉన్నాడు. ఆవిడ కుడికి జరిగితే కుడికి జరిగాడు. ఎడమకి వంగితే ఎడమకి వంగాడు. తలుపు దగ్గర గొళ్ళెం చూడమన్నాడు. టీ పెట్టమన్నాడు. పెట్టిన టీ చల్లారిందని మళ్ళీ పెట్టమన్నాడు. చివరికి క్లోరోఫాం పాత షాపులో అడిగి తేవాలని బయల్దేరుతూ, తొట్టి మీద దుప్పటి కప్పాడు.

“దుమ్ము పడుతుంది. తియ్యకు.”

“సరే.”

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగింది. తర్వాత దుప్పటి తీసేసింది.

టైలరమ్మకి ఒక అలవాటుంది. ఎవరు కుట్టిన బట్ట చేతికొచ్చినా ముందు కుట్టు మొదలూ చివరా చూస్తుంది. మధ్యలో అందరూ బాగానే కుడతారు. మొదట్లోనూ చివర్లోనూ వెనక్కీ ముందుకీ రెండోసారి మిషను తొక్కి ముడి బిగించారా లేదా అన్నదే ఆవిడకి కావాలి. ఆ అలవాటుకొద్దీ అతుకు పైకొస చూసింది. తెల్లగా పేరుకున్న పొరని గోటితో గీకింది. వేలెడు మేర సన్నటి బుడగలు, సబ్బునురగలా. కింది కొస చూసింది. అక్కడా అంతే, వేలెడు మేర నురగ. ఆ నురగ దగ్గరినుంచే అతుకు పాయ విడిపోయి పైకి పాకింది. మధ్యలో మాత్రం బుడగల్లేవు.

మిగిలిన మూడు అతుకులూ చూసింది. మొదలునుంచి చివరిదాకా ఎక్కడా ఒక్క బుడగ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సిరంజీ పట్టుకుని పైనుంచి కిందిదాకా గీసింది. గీశాక, ఊడిపోకుండా ఉండాలని, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మళ్ళీ పోసింది. ముడి వేసింది. అప్పటికే పట్టుకోవడం మొదలుపెట్టిన అతుకు మీద మళ్ళీ తడి పడితే అది లోపల ఉడికి బుడగలైపోతుందని ఆవిడకేం తెలుసు? పక్కన నిలబడ్డ ఆయన నోరు తెరిచాడు. ఆవిడ, “చూశారా, ఎంత గట్టిగా వేశానో!” అని ముఖం వెలిగిపోతూ అంది. ఆయన నోరు మూసేశాడు. అచ్చం మేనేజరు గారిలా.

టైలరమ్మ బల్ల చుట్టూ తిరిగి ముందువైపు కుడి మూలని చూసింది. ఇన్నేళ్ళు వేరే గుడ్డతో, ముద్దుగా, మురిపెంగా తుడిచింది మొగుడి అతుకుని. అది తలుచుకునేసరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే వేరే ఏదో అయిపోబోతే కిటికీకేసి చూసింది. పైన తన బోర్డు వెనకనుంచి కనిపిస్తోంది. ‘ఊడదు’ అన్న మాట తిరగేసి ఉంది. ‘మొదట ఏమడుగుతారో నాకు తెలుసు’ అని ఆయన ఎందుకన్నాడో అప్పుడర్థమైంది. వీధిలో ఆ ఆట ఆడనివాళ్ళు లేరు. తొట్టి కారిందంటే అందరూ ఒకే మాట అడుగుతారు: ఆవిడదేనా?

అందుకని ఈయన పక్క తడిపాడు.

దుప్పటిని ఏ మడత ఆ మడతలో ఉండేట్టు మళ్ళీ కప్పేసింది. ఆయన వచ్చేసరికి గుండీలు కుడుతూ కూర్చుంది.

“తియ్యలేదు కదా?”

“నాకేం పని?” అంది. “గానీ ఒకటి చెప్పనా? ఊడిన కుట్టుని మళ్ళీ అవే కన్నాల్లో కుడితే నిలవదు. లోపల ముక్క వెయ్యాలి. చంక కింద వేస్తామే, అలాగ.”

ఆయన ఆవిడని తేరిపార చూశాడు. “నేనూ అదే అనుకుంటున్నా.”

పేస్టంతా పుల్లతో గీకేశారు. తెల్లపొర కడిగారు. తడి మొత్తం ఆరనిచ్చారు. లోపలి మూలలో వేయడానికి పొడవాటి ముక్క కావాలి. ముక్కల పెట్టె బోర్లిస్తే అంత పొడవున్నది ఒకటే దొరికింది, ఏదో అక్షరం దీర్ఘం తాలూకు ముక్క. ఎర్రటి ఎరుపు.

“ఇది కనపడుతుంది,” అన్నాడు బోర్డాయన, బాధగా. “వచ్చినవాళ్ళందరికీ ముందు ఇదే కనపడుతుంది.”

“కనపడనివ్వండి. పైపింగులా ఉంటుంది.”

కిటికీలన్నీ తెరిచారు. ఆయన సిరంజీలో మందు పట్టాడు. తియ్యటి వాసన గదంతా కమ్ముకుంది. సూది మొన అతుకు మీద పెట్టబోతుంటే ఆవిడ చెయ్యి చాపింది.

“ఇలా ఇవ్వండి. నేను పోస్తా.”

“అది నాది కదా?”

“మీదే. మీ చెయ్యి వణుకుతోంది. అందుకే.”

నిజానికి ఆయన చెయ్యి వణకడం లేదు. అయినా ఇచ్చేశాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి గీసింది. విడిపోయిన పాయలోకి మందు పాకుతుంటే, తెల్లగా కనిపించే గీత వెనకే కరిగి మాయమైపోతూ వచ్చింది. చివరికొచ్చింది. ఏళ్ళ తరబడి మిషను మీద పడ్డ అలవాటు కదా, ఆవిడ మణికట్టు తనంతట తానే వెనక్కి తిరిగింది.

“వద్దు,” అన్నాడు ఆయన మెత్తగా. “ముడి వెయ్యకు.”

సూది గాలిలో ఆగింది.

“నేను ముడి వేస్తానని మీకెలా తెలుసు?”

బోర్డాయన ప్లాస్టిక్ తొట్టెకేసి చూశాడు. “మేనేజరు గారికి ఆకలేస్తున్నట్టుంది,” అన్నాడు.

“అవును. పొద్దుటినుంచీ నోరు తెరుస్తున్నారు, మూస్తున్నారు,” అంది టైలరమ్మ.

ఇంక ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. అక్రిలిక్ పలుకులు మందులో కరగేసి చిక్కటి పాకం చేశారు. దాంతో ఎర్రముక్కని లోపలి మూలలో అంటించారు. ఆవిడ గుడ్డ క్లిప్పులన్నీ తెచ్చింది. ఎలాస్టిక్ కట్ట విప్పి తొట్టి చుట్టూ బిగించింది. తొట్టి కొలతలకి నిలబడ్డ మనిషిలా కనిపించింది. వాసనకి తల తిరిగి బోర్డాయన అక్కడే కిటికీ పక్కన మడతమంచం వేసుకుని కాసేపు వాలాడు. నుదుటి మీద తడిగుడ్డ వేసి, ఆవిడ పక్కన కూర్చుని అట్టతో విసిరింది.

సరిగ్గా అప్పుడే కాంపౌండరు గారు పొడి పనిచేసిందో లేదో కనుక్కోవడానికి వచ్చి కిటికీ దగ్గర ఆగారు. ముక్కు ఎగబీల్చారు. వెనకే మేడమీదావిడ కూడా దిగింది.

“క్లోరోఫాం!” అన్నారు కాంపౌండరు గారు. ఆ వాసన ఆయన ముక్కు ఎన్నటికీ మర్చిపోయేది కాదు. కిటికీలోంచి చూశారు. మంచం మీద బోర్డాయన వెల్లకిలా ఉన్నాడు. పక్కన పెళ్ళాం విసురుతోంది. బల్లమీద సిరంజీలు, సూదులు, క్లిప్పులు, ఎర్రెర్రగా ఏవో ముక్కలు.

“చేసేశారా?” అన్నారు నెమ్మదిగా.

“అయిపోయిందన్నయ్యా,” అంది టైలరమ్మ. “ఆరాలంతే.”

“మానాలి అంటారు చెల్లెమ్మా,” అని సవరించారాయన.

వాసన పూర్తిగా పోయేదాకా ఆగారు. తర్వాత తొట్టిని పెరట్లో పెట్టి ముందు కొంచెం, మరుసటి రోజు సగం, ఆపైన నిండా నీళ్ళు పోసి, అడుగున పాత కాగితాలు పరిచారు. కాగితాలు పొడిగానే ఉన్నాయి. మేనేజరు గారు తిరిగి తమ సీట్లోకి వెళ్ళారు. ఎర్రముక్కని ఒకసారి ముక్కుతో పొడిచి చూసి, ఏమీ అనలేదు. రబ్బరు దుప్పటి ఉతికి, మడిచి బీరువాలో పెట్టేశారు.

ఇప్పుడు కూడా ఇంటికొచ్చినవాళ్ళని బోర్డాయన తొట్టి దగ్గరికి తీసుకెళతాడు. ఆట మాత్రం మారింది. ఎర్రముక్క చూడగానే, “ఇదేగా టైలరమ్మది?” అంటారు వచ్చినవాళ్ళు.

“కాదు, అది నాది. అప్పుడు కొత్తవాణ్ణి, చేతకాలేదు,” అంటాడాయన.

టైలరమ్మ మిషను దగ్గరినుంచి తలెత్తదు. తొట్టి తుడిచే రోజున మాత్రం ఆ మెత్తటి గుడ్డతో ఇప్పుడు రెండు మూలలు తుడుస్తుంది.

వీధిలో కథ ఇంకోలా స్థిరపడిపోయింది. బోర్డాయనకి ఇంట్లోనే, మత్తుమందిచ్చి, పెద్ద ఆపరేషన్ చేశారట. లోపల ఎర్రగా ఏదో ముక్క వేశారట. పొడి వేసుకోబట్టే ఆ ఆపరేషన్ తట్టుకోగలిగాడని కాంపౌండరు గారు అందరికీ చెబుతారు. అదే పొడి ఇప్పుడు ఇంకో ఇద్దరికి ఇస్తున్నారు. సాక్ష్యం ఏదంటే మేడమీదావిడ పిట్టగోడ మీదనుంచి వేలు పెట్టి చూపిస్తుంది, కింద దండెం మీద ఇప్పుడు ఒక్క దుప్పటి కూడా ఉండదని.

దుప్పట్లు తడిసిన మాట నిజం. తడిపింది తొట్టి. తొట్టిలో కారిన అతుకు టైలరమ్మ వేసింది.